స్వప్న కర్ర మీది రొట్టె

మా పై వాటాలో అద్దెకుండే స్వప్నకు ఇరవై మూడేళ్లు. పగలు కాజీపేటలో మందుల దుకాణంలో పని. సాయంత్రం సుబేదారి పోయి చక్రాల బూట్లతో హాకీ ఆడుతుంది. ఏడాదికోసారి డెహ్రాడూన్ పోయి అదే ఆట మంచు మీద ఆడి వస్తుంది. వరంగల్‌లో మంచెక్కడిదని నవ్వేవాళ్లను, మా ఫ్రిజ్‌లో ఉంది రమ్మంటుంది.

ఆ ఆటలో రెండు జట్లు సమానంగా నిలిస్తే షూటౌట్ పెడతారు. ఒక్కొక్కరే నల్ల రబ్బరు బిళ్లను కర్రతో తోసుకుంటూ పోయి, వలకు కాపలా ఉండే గోలీని దాటించి వలలో వేయాలి. పోయినేడు చివరి వంతు స్వప్నది. గోలీ కాళ్లు బారజాపి అడ్డంగా పడింది, బిళ్ల ఆ కాళ్లకే తగిలింది. జట్టు ఓడింది. ఈసారి షూటౌట్‌లో పేరు కావాలంటే కొత్తదేదైనా చూపించమన్నాడట కోచ్ సారయ్య సార్.

బిళ్లను కర్ర మీదికి ఎత్తుకుని, పడిపోయిన గోలీ పైనుంచి వేయాలని స్వప్న పంతం. రోజూ పొద్దున్నే డాబా మీద టక్కుటక్కుమని చప్పుడు. బిళ్ల ఎత్తగానే జారిపోయేది.

మా ఆయన శామ్యూల్ పోయాక నేను జొన్నరొట్టె చేయలేదు. ఒక్కదాని కోసం పెనం పెట్టబుద్ధి కాలేదు. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి స్వప్న పిండి పట్టించుకుని వచ్చి గడపలో కూర్చుని ఉంది. తినాలనుందని అడిగితే కాదనలేకపోయాను.

తట్టిన రొట్టెను పీట మీది నుంచి తీస్తుంటే ఆ పిల్ల నా చేతినే చూసింది.

"పెద్దమ్మా, మళ్లొకసారి తియ్యి. జర నిమ్మళంగ."

తీశాను. అంచు కింద వేళ్లు దూర్చి, ముందుకు జరుపుతూనే మణికట్టు తిప్పాలి. ఉన్నచోటనే పైకి లేపితే విరుగుతుంది. తనూ తీసింది. మూడు విరిగాయి.

"నేను ఆగి లేపుతాన పెద్దమ్మ. నువ్వు జరుపుకుంటనే లేపుతానవు."

విరిగినవాటిని పుంటికూరతో ఇద్దరం తిన్నాం. ఆ రాత్రి చాలా రోజులకు నిండా నిద్రపోయాను. వారం తిరిగేసరికి డాబా మీద బిళ్ల జారిపడే చప్పుడు తగ్గింది. సారయ్య సార్ చూసి, షూటౌట్‌కు చివరిదైన ఐదో పేరు స్వప్నదే రాశాడు.

ఆట రోజు ఫోను ఉప్పుడబ్బాకు ఆనించి, పొయ్యి ముందు నిలబడే చూశాను. షూటౌట్ పడింది. నలుగురి వంతులూ అయ్యాక మళ్లీ సమానం. స్వప్న బయలుదేరింది. గోలీ పోయినేటిలాగే కాళ్లు చాపి పడింది. స్వప్న ఆగలేదు. జారుతూనే మణికట్టు తిప్పింది, బిళ్ల కర్ర మీదికొచ్చి గోలీ భుజం మీదుగా వలలో పడింది. అవతలి జట్టు చివరి అమ్మాయి గురి తప్పింది.

కాసేపటికి ఫోను మోగింది. అరుపుల మధ్య స్వప్న గొంతు.

"రొట్టె ఇరగలే పెద్దమ్మ."

"ఈడ నాది మాడింది బిడ్డా," అన్నాను. పెనం మీద నుంచి పొగ లేస్తోంది.