కారు కింద బావ

మా చెల్లెలిది రొంపిచెర్ల దగ్గర పల్లె. దాని భర్త, మా బావ, మిర్చి రైతు. ఆయన పాత కారు పొలం బాటల్లో పురుగుమందు డబ్బాలూ కూలీల అన్నం క్యారియర్లూ మోస్తుంది. ఆ గతుకులకు సైలెన్సర్ ఊడి వేలాడుతుంటుంది. మెకానిక్‌కి ఇస్తే బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుందని బావ తానే కింద దూరి తీగ చుడతాడు.

మిరప కోతల రోజుల్లో నేను అక్కడికి వెళ్ళినప్పుడు కారుతో వచ్చిన జాకీ వంగిపోయి ఉంది. బావ ట్రాక్టర్ జాకీ తెచ్చాడు. సీసాలా నిలువుగా ఉండే ఆ జాకీ కారు కింద పట్టదు. ఇంకొకరైతే అక్కడితో మానేస్తారు. బావ గడ్డపలుగుతో చక్రం పక్కన గొయ్యి తవ్వి, అడుగున నాపరాయి ముక్క పరిచి, దానిమీద జాకీ నిలబెట్టాడు. అది వాన నీరు ఇంకా ఆరని రేగడి నేల.

కారు లేచింది. బావ తల లోపలికి పెట్టి కాసేపు చూసి, కటింగ్ ప్లేయర్ కోసం ఇవతలికి వచ్చాడు. అంతలో నాపరాయి టప్పున విరిగింది. జాకీ పక్కకు ఒరిగి కారు నేలకు కూలబడింది. వాకిట్లో మిరపకాయలు ఏరుతున్న చెల్లెలు దిగ్గున లేచి నిలబడింది. బావ ముక్కలు తీసి అటూ ఇటూ తిప్పి, "రాయి మంచిది కాదు" అన్నాడు.

ఆ రాత్రి డైరీలో కారు బరువూ, దాని అంచుకూ నేలకూ మధ్య ఎత్తూ రాసుకున్నాను. మర్నాడు బావను వెంటబెట్టుకుని నరసరావుపేటలో విడిభాగాల కొట్టుకు వెళ్ళాను.

"ట్రాక్టర్‌దానికి ఏమైంది? నాలుగు కార్లు లేపుద్ది," అన్నాడు బావ.

"లేపుద్దన్నా, కింద పట్టాలి గదా," అన్నాడు కొట్టాయన. గొయ్యి సంగతి వినగానే, "ఇంకాస్త, మనిషి పొడుగున తవ్వుంటే రెండు పనులకీ సరిపోయేది" అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తక్కువ ఎత్తులో కారు కింద దూరే చక్రాల జాకీ తీసుకున్నాను. సిమెంటు నేలమీదే వాడాలని బావకు చెప్పాను. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదని, నూనె కారితే దిగిపోతుందని, లేపాక ఇనుప స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించితేనే కింద దూరాలని కూడా చెప్పి రెండు స్టాండ్లు కొనిచ్చాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

కొన్నాళ్ళకు చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, కొత్త జాకీ వచ్చినాక చానాసేపు కిందే ఉంటన్నాడు. నా మాట వినట్లే."

వెంటనే బస్సెక్కి వెళ్ళాను. సిమెంటు వాకిట్లో లేపిన కారు కింద నుంచి బావ కాళ్ళు కనబడుతున్నాయి. కారు కింద స్టాండ్లు లేవు.

"బావా, స్టాండ్లేవి?"

"నీళ్ళ డ్రమ్ము కింద పెట్టా. ఎత్తు సరిపోయింది."

"నువ్వు ముందు బయటికి రా."

"ఏంది బావా, నువ్వు కొన్న జాకీయేగా. నీకే నమ్మకం లేదా?"

నేను వంగి కిందికి చూశాను. ఇదివరకు తలా చేతులూ పెట్టి, బెదురుతూ వెంటనే బయటికి వచ్చేవాడు. ఇప్పుడు రొమ్ము దాకా దూరి, తీరిగ్గా పడుకుని మాట్లాడుతున్నాడు. ఆ ధీమా నేను కొనిచ్చిందే.

చెల్లెలు వెళ్ళి డ్రమ్ము ఒరగదోసింది. నీళ్ళు వాకిలంతా పారి బావ వీపు కిందికి వచ్చాయి.

"ఏమే, నీళ్ళన్నీ పారబోశావా?"

"నీళ్ళు మళ్ళీ పట్టుకోవచ్చు," అంది.

తడిసి, గొణుక్కుంటూ బయటికి వచ్చాడు. నేను రెండు స్టాండ్లూ తెచ్చి కారు కింద సరైన చోటికి జరిపాను. జాకీ పిడి తిప్పితే కారు మెల్లగా వాటి మీదికి దిగింది. బావ మళ్ళీ దూరి పని ముగించేదాకా చెల్లెలు ఆయన కాళ్ళ దగ్గర నుంచి కదలలేదు.

కారు దించాక ఆమె జాకీ నుంచి పిడి ఊడదీసింది. "ఇది నా దగ్గరుంటది. స్టాండ్లు తెచ్చి చూపించు, అప్పుడిస్తా," అని లోపలికి పట్టుకుపోయింది.

బావ నా వైపు చూసి నవ్వాడు. పిడి లేకుండా ఆ జాకీ లేపడానికి ఆయనకు ఏ ఉపాయం తోస్తుందోనని తిరుగు బస్సులో దారి పొడుగునా నేను ఆలోచిస్తూనే ఉన్నాను.