మహబూబ్ బాషా గోడకు దించిన పులి

మా కోడలు కాకినాడలో మనసు బాగోలేని వాళ్ళకు వైద్యం చేసే చోట పని చేస్తుంది. అక్కడ రోగుల చేత బొమ్మలు గీయిస్తారట. దాని పేరు ఆర్ట్ థెరపీ అట. అదేదో నిన్ననే కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ వైద్యం నేను తొంభైలోనే కువైట్‌లో చూశాను. చేసినవాడు డాక్టరు కాదు, ఖైతాన్‌లో కార్లకు సొట్టలు తీసి రంగు కొట్టే మహబూబ్ బాషా.

బాషాది రాయచోటి. ఒళ్ళు సన్నం, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆయనా, నేనూ, బాలసుబ్బయ్య అనే వంటవాడూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. నా పేరు కుక్కుటేశ్వరరావు. ఒక ఆఫీసులో టైపిస్టుని. మాది పిఠాపురం. ఆ గదిలో గోదావరి మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి తిండి దగ్గర నా మాట ఎన్నడూ చెల్లలేదు.

సుబ్బయ్యదీ రాయచోటి పక్క పల్లెటూరే. వీసా వస్తే పీర్ల పండక్కి పులివేషం కడతానని మొక్కుకున్నాడు. వాళ్ళ వైపు పీర్లకు మొక్కేవాళ్ళలో హిందువులూ తక్కువేం కాదు. వీసా వచ్చింది గానీ, పండక్కి సెలవు ఏ ఏడూ రాలేదు. పప్పు మాడినా, పన్ను నొప్పి పుట్టినా పీరుకు కోపం వచ్చిందనేవాడు. అతని గోల పడలేక, ఆ మొహర్రానికి గదిలోనే వేషం కట్టి మొక్కు తీర్చేయమన్నాం.

ఊళ్ళో అయితే రంగు పొడి నూనెలో కలిపి పూస్తారట. కిరసనాయిలుతో తుడిస్తే పోతుందట. ఖైతాన్‌లో ఆ పొడి ఎక్కడ దొరుకుతుంది? బాషా దగ్గర ఉన్నది టాక్సీలకు కొట్టే నారింజ రంగు. ముఖానికీ, ఛాతీకీ, చేతులకూ అదే పూసి, మీద నల్ల చారలు తీర్చాడు. నేను బకెట్ వాయించాను. సుబ్బయ్య నాలుగు గంతులు వేసి మొక్కు తీరిందన్నాడు. అది ఎండకూ వానకూ చెక్కుచెదరకుండా తయారు చేసిన రంగని అప్పుడు గుర్తొచ్చింది బాషాకు.

తెల్లారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. ఆ సంగతి తెలియని సుబ్బయ్య రంగు ఆరబెట్టుకుందామని మిద్దె ఎక్కాడు. నెత్తి మీదుగా హెలికాప్టర్లు వెళ్ళాయి. అంత పెద్ద సైన్యం తన కోసమే వచ్చిందనుకున్నాడు పాపం. కిందికి వచ్చి మంచం కోడు పట్టుకుని వణకడం మొదలుపెట్టాడు. ఆ వణుకు మరి ఆగలేదు.

బాషా థిన్నరులో గుడ్డ ముంచి నుదుటి దగ్గర కొంచెం తుడవబోతే, సుబ్బయ్య ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"వొద్దు బాషన్నా. పులినెవుడు ఇఖామా కాయితం అడుగుతాడు చెప్పు. ఇది పోతే ఉత్త సుబ్బయ్య మిగుల్తాడు. వాణ్ణి కాల్చి పారేస్తారు."

అతనికి వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, సౌదీకి పారిపోయాడు. బాషా షెడ్డును సైనికులు ఊడ్చుకుపోయారు. మా ఆఫీసు ఉందో లేదో నాకే తెలియదు. తినడానికి ఖుబ్బూసు రొట్టే, డబ్బాలో చేపా. అలాంటి రోజుల్లో, చెమటకు రంగు పొట్టు రేగిన చోటల్లా బాషా కూర్చుని పులికి మళ్ళీ రంగు వేసేవాడు. బ్రష్షు ఒంటి మీద కదులుతున్నంతసేపూ సుబ్బయ్య వణికేవాడు కాదు. బ్రష్షు తీస్తే మొదలు. ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకున్నాను.

అంతలో కబురు వచ్చింది. మనవాళ్ళను బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తారు, అక్కడి నుంచి విమానం. మా వీధికి శుక్రవారం బస్సు. పేర్లు రాసుకోవడానికి వచ్చిన మనిషి సుబ్బయ్యను ఒకసారీ, పాస్‌పోర్టులో ఫొటోను ఒకసారీ చూశాడు.

"ఈ మొహంతో అయితే దారిలో దింపేస్తారు. మనిషిగా వస్తేనే ఎక్కించుకుంటా," అని వెళ్ళిపోయాడు.

"వాడు రాకుంటే నేనూ రాను," అన్నాడు బాషా.

"మీ ఇద్దరినీ వదిలేసి నేను మాత్రం ఎలా వెళ్తానండీ?" అని అరిచాను. నిజానికి వెళ్ళిపోదామనే ఉంది. కానీ నోటికి అలా వచ్చేసింది, ఇక వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

బాషా లేచి గోడను అరచేత్తో తడిమి చూశాడు.

"సొట్టను మీద నుంచి కొడితే ఇంకా లోపలికి పోతాది సారూ," అన్నాడు నాతో. "ఎనక నుంచి మెల్లగా తోసుకుంటా రావాల." తరవాత సుబ్బయ్య చేతికి బ్రష్షు ఇచ్చాడు. "సుబ్బయ్యా, పులిని మనం చంపొద్దు. గోడకు దించుదాం. నీ ఒంటి మీద యా చార నేను తీస్తే, ఆ చార నువ్వు గోడ మీద గియ్యి. పులి యాడికీ పోదు, ఈడనే కాపలా ఉంటాది."

సుబ్బయ్య గీసిన మొదటి చార పొట్లకాయలా వచ్చింది. నేను నవ్వాను. బాషా నావైపు చూసిన చూపుకు నవ్వు మింగేశాను. రెండో చార గీస్తుండగా సుబ్బయ్య నోరు తెరిచాడు. మిద్దె మీద ఏం చూశాడో, వీధిలో ఎవరు పడిపోయారో, ఒక్కొక్కటీ గోడకు చెప్పుకుంటూ గీశాడు. థిన్నరు మంటకు ఏడ్చేవాడు, చూసినవాటికీ ఏడ్చేవాడు. బాషా మటుకు తుడుస్తూ ఊఁ కొట్టేవాడు, అంతే.

ఒక మధ్యాహ్నం సోదాకని సైనికులు వచ్చారు. నా రేడియో, ఫ్యాను, కుక్కరు పట్టుకున్నారు. సగం మనిషీ సగం పులీ అయిన సుబ్బయ్యనూ, గోడ మీద మిగతా సగాన్నీ చూసి, కుక్కరు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను కూడా చొక్కా విప్పి, వీపు మీద ఒక చిన్న చార గీయమని బాషాను అడిగాను. ఎవరికీ చెప్పొద్దన్నాను.

శుక్రవారానికి పులి మొత్తం గోడ ఎక్కింది. దానికి సుబ్బయ్య మీసం ఉంది. సుబ్బయ్య ముఖం తోలు ఊడి ఎర్రగా ఉన్నా, ఫొటోలో ముఖమే. వణుకు లేదు. పులికి ఒక ఖుబ్బూస్ పెట్టి, "పోయొస్తా," అని చెప్పి బస్సెక్కాడు.

సరిహద్దు దగ్గర అందరినీ దింపి వరసలో నిలబెట్టారు. మీసాలు నెరిసిన ఇరాక్ సైనికుడొకడు పాస్‌పోర్టులు చూస్తున్నాడు. సుబ్బయ్యను చూశాడు, పొమ్మన్నాడు. నన్ను పొమ్మన్నాడు. బాషా పాస్‌పోర్టు ఇవ్వబోయాడు. అది కింద పడింది. వంగి తీయబోతే మళ్ళీ పడింది. బాషా చేతులు, మోకాళ్ళు, గడ్డం, అన్నీ వణుకుతున్నాయి.

అన్ని రోజులూ సుబ్బయ్య భయం ఆయన తుడిచాడు, నా భయానికీ ఒక చార గీశాడు. నీకెలా ఉంది బాషా అని మేం ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు.

ఇంతగా వణుకుతున్నాడంటే ఏదో దాస్తున్నాడనుకున్నాడు సైనికుడు. భుజం పట్టి వరసలోంచి బయటికి లాగాడు. బస్సు డ్రైవరు ఇంజిను స్టార్టు చేశాడు. ఇక ఆయన్ని వదిలేసి పోవలసిందేనని నాకు అర్థమైంది, అయినా బస్సెక్కలేదు.

సుబ్బయ్య వరస దాటి బయటికి వచ్చాడు. జేబులోంచి చిన్న డబ్బా, బ్రష్షు తీశాడు. నల్ల రంగు. బాషా చొక్కా చెయ్యి పైకి మడిచి, అక్కడే నేల మీద కూర్చోబెట్టి, మణికట్టు నుంచి చారలు గీయడం మొదలుపెట్టాడు. ఇప్పుడవి పొట్లకాయల్లా లేవు.

"ఊఁ, చెప్పు బాషన్నా," అన్నాడు గీస్తూ.

బాషా ఏదో గొణిగాడు. మూడో చారకు చెయ్యి నిలిచింది. నాలుగో చారకు పాస్‌పోర్టు తనే ఏరుకుని అందించాడు.

సైనికుడు చారల వైపు తుపాకీ చూపించి ఏమిటదని అడిగాడు.

"దవా," అన్నాడు సుబ్బయ్య.

దేనికని అడిగాడు.

"ఖౌఫ్," అన్నాడు బాషా, తలెత్తి.

మందన్న మాటా, భయమన్న మాటా ఉర్దూకూ అరబ్బీకీ ఒకటే కాబట్టి సైనికుడికి అర్థమైంది. అధికారి ఉన్న గుడారం వైపు చూశాడు. అక్కడ ఇటు చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు. తుపాకీ వీపుకు తగిలించుకుని, మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందుకు చాచాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

సుబ్బయ్య బ్రష్షు రంగులో ముంచి, "సన్నగా గియ్యల్నా, లావుగా గియ్యల్నా?" అని తెలుగులోనే అడిగాడు.