అట్ట తిరగేసి వేసిన పుస్తకం

బైండింగ్ షాపు నేల కింది గదిలో ఉంది. కిటికీలు రెండూ వీధికి సమంగా ఉండటంతో లోపలున్నవాళ్ళకి మనుషులు కనపడరు, కాళ్ళే కనపడతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాళ్ళని చూస్తూ ఇద్దరు మగవాళ్ళు ఒకే బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి పనిచేశారు. ఒకాయన అట్టలు అంటిస్తాడు, అందరూ జిగురు గారంటారు. రెండో ఆయన కటింగ్ మిషన్ మీద పుస్తకాల అంచులు కోస్తాడు, ఆయన కోత గారు. అసలు పేర్లు హాజరు పట్టీలో ఎక్కడో ఉన్నాయి. వాటితో ఎవరికీ పని పడలేదు.

జిగురు గారికి యాభై ఆరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి మొదట్లో తలా ఒక కారణం చెప్పేవాడు. పోనుపోను అడిగేవాళ్ళే కరువయ్యారు. ఒక్కతే చెల్లెలు. నెలకోసారి వచ్చి వంటింట్లో డబ్బాలు సర్ది, నాలుగు చివాట్లు పెట్టి పోతుంది. మనిషి మెతక, చెయ్యి మాత్రం గట్టిది. ఆయన అంటించిన అట్ట ఊడటం ఎవరూ చూడలేదు. నోరు కూడా జిగురు పెట్టి అంటించుకున్నాడని కోత గారు వెక్కిరించేవాడు.

ఆ నెల మధ్యలో ఒక సోమవారం కోత గారు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఒరేయ్ జిగురూ, మా అక్క ఒక్కతే ఉంటోంది కదా. ఓ గది ఖాళీగా ఉందట. ఇక్కడ పని మానేసి నెలాఖరుకి అక్కడికి వెళ్ళిపోతున్నానురా."

వెళ్ళొద్దనాలనుకున్నాడు జిగురు గారు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"మంచిదే."

కోత గారు ఇంకేమన్నా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పై అంతస్తు నుంచి అద్దె పుస్తకాలావిడ ఒక అట్టపెట్టె మోసుకుంటూ దిగింది. అరవై దాటిన మనిషి. మాట కత్తిరించినట్టు ఉంటుంది. పైన ఆవిడ నడిపేది బొమ్మల కథల అద్దె లైబ్రరీ.

"పదకొండున్నాయి జిగురు గారూ. జపాన్ వాళ్ళవి. చదివి చదివి పేజీలు ఊడగొట్టారు. దీనికైతే అట్టే విడిగా వచ్చేసింది."

"పిల్లలు అంతే కదండీ."

"పిల్లలెక్కడండీ బాబూ! దీన్ని నాలుగుసార్లు పట్టుకెళ్ళింది ఆస్పత్రి నర్సు. ఆ తర్వాత రిటైరైన బస్సు డ్రైవరు. ఇవ్వటానికి మనసు రాదాయనకి, గడువు పెంచమని మెట్ల మీదే నిలబడి బతిమాలతాడు."

జిగురు గారు అట్ట మీది బొమ్మ చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఒకాయన. పొట్ట ముందుకొచ్చి, చొక్కా బొత్తాం బిగుతుగా ఉన్న ఇంకొకాయన.

"ఇద్దరూ ముసలాళ్ళే!"

"ముసలాళ్ళంటారేంటి? మీ ఈడువాళ్ళే." మిషన్ అవతల కోత గారు కిసుక్కుమన్నాడు. ఆవిడ ఆగలేదు. "ప్రేమ కథ. ఆయన పియానోలు సరిచేస్తాడు, ఈయన లిఫ్టులు బాగుచేస్తాడు."

"ప్రేమ ఎవరితోనండీ?"

"ఎవరితో ఏంటి? ఉన్నదే ఇద్దరైతే!"

జిగురు గారు చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఇందులో జనం అంతగా ఏం చూస్తారని అడిగాడు.

"నేనూ అదే అడిగాను నర్సుని," అందావిడ. "కుర్రాళ్ళ ప్రేమలో ఇవాళ చెప్పని మాట రేపు చెప్తారు, ఆ రేపు వాళ్ళకి బోలెడుంది అంది. వీళ్ళకి లేదు కదా. నడుం నొప్పి, చత్వారం, ఎవడింట్లో వాడి ఒంటరి గిన్నె. ఒక మనిషి ఇంకో మనిషి చెయ్యి పట్టుకోటానికి రెండొందల పేజీలు పడుతుందండీ ఇందులో. ఆ చెయ్యి అందేలోపల చదివేవాళ్ళకి ఊపిరాడదు."

బల్ల అవతల కోత మిషన్ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

పది పుస్తకాలు సజావుగా అయిపోయాయి. పదకొండోదాని దగ్గరే వచ్చింది చిక్కు. దానికి అట్ట విడిగా ఉంది, పేజీల మీద అంకెల్లేవు, మాటలు కూడా లేవు. మొత్తం బొమ్మలతోనే నడిచే కథ. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి తెరుచుకుంటుందని జిగురు గారికి తెలియక కాదు. మిగతా పదింటికీ పాత అట్టలు దారి చూపించాయి. దీనికి చూపించేది లేదు. బుర్ర నిండా నెలాఖరు ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటుతో చేతులు వాటంతట అవే మన పుస్తకం కట్టినట్టు కట్టేశాయి. పేజీలు అతికే వీపు ఎడమకి, ముందు అట్ట పైకి. దాని కింద ఉన్నది ఆఖరి పేజీ.

ఆరాక, ఆయన ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. తను కట్టిన పుస్తకాన్ని కూర్చుని చదివాడు.

మొదటి పేజీలో ఇద్దరు మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చునున్నారు. ఒకడి చెయ్యి రెండోవాడి మణికట్టు మీదుంది. పేజీ తిప్పితే ఆ చెయ్యి పైకి లేచింది. ఇంకోటి తిప్పితే రెండు కుర్చీలూ దూరం జరిగాయి. తలుపు వెనక కొక్కేనికి రెండు కోట్లుండేవి, ఒకటే మిగిలింది. పక్కపక్కన నడిచినవాళ్ళు ముందూ వెనకా నడిచారు. తర్వాత మెట్ల మీద ఎదురై తల ఊపుకున్నారు. తర్వాత తల కూడా ఊపలేదు. ఆఖరి పేజీలో ఒక గది, ఒక కుర్చీ, ఒక కప్పు, కుర్చీలో ఒకే మనిషి. రెండోవాడు అసలు పుట్టాడా అన్నట్టుంది ఆ గది.

జిగురు గారు టక్కున మూసేశాడు. ప్రేమ కథన్నారు, ఇదేం ప్రేమ? పుస్తకం పైకి పంపించేశాడు.

ఆ మర్నాటి నుంచి మొదలైంది.

ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరి టిఫిన్ డబ్బాలూ బల్ల మీద ఆనుకుని ఉండేవి. కోత గారి డబ్బా కిటికీ గట్టు మీదికి వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఆయన చొక్కా, ఇద్దరూ వాడే మేకు మీంచి, గుమ్మం పక్క మేకు మీదికి వెళ్ళింది. సాయంత్రాలు బస్టాపు దాకా కలిసి నడిచేవాళ్ళు. "నాకు వేరే పనుందిలే," అని ఆయన అవతలి సందులోంచి వెళ్ళిపోయాడు. ఒకదాని తర్వాత ఒకటి, పుస్తకంలో పేజీ తిప్పిన వరసలోనే. జిగురు గారు రాత్రుళ్ళు నిద్ర మానేసి తర్వాతి పేజీ ఏంటో గుర్తు చేసుకునేవాడు. తెల్లారి షాపుకొస్తే అదే జరిగేది.

గురువారం మెట్ల మీద ఎదురయ్యాడు కోత గారు. తల ఊపాడు, అంతే.

"ఏరా?" అన్నాడు జిగురు గారు.

"చెప్పండి," అన్నాడు కోత గారు.

ముప్ఫై ఏళ్ళలో కోత గారు ఆయన్ని 'అండి' అనడం అదే మొదటిసారి. లోపలికొచ్చి బల్ల తడిమి చూశాడు. అటు వైపు అంచున, కోత గారు పొట్ట ఆనించి ఆనించి నునుపు తేలిన చోటు ఒకటుండాలి. వేళ్ళకి చెక్క గరుగ్గా తగిలింది. తను తప్పు చోట తడిమాడేమో. మళ్ళీ తడిమే ధైర్యం చాల్లేదు.

ఆదివారం చెల్లెలొచ్చింది. జిగురు గారు వంటింట్లో నిలబడి గూడంతా వెతుకుతున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"స్టీలు గ్లాసు. సొట్టది. కోత గాడొస్తే దాంట్లోనే తాగుతాడు."

"ఎవరు?"

"కోత గాడే! ఆదివారాలు వస్తాడుగా."

చెల్లెలు గరిట పట్టుకుని ఆయన వంక అదోలా చూసింది. "నేనొచ్చినప్పుడు ఈ ఇంట్లో ఎవరూ ఉండగా చూళ్ళేదన్నయ్యా. గ్లాసు కూడా ఒకటే ఎప్పుడూ. ఒంట్లో బాగానే ఉందా?"

చెల్లెలు వచ్చే ఆదివారాల్లో కోత గారిని రావద్దని చెప్పేది తనేనని జిగురు గారికి తెలుసు. ఆ గ్లాసుని డబ్బాల వెనక దాచేదీ తనే. కానీ డబ్బాల వెనక గ్లాసు లేదు. చెల్లెలు వెళ్ళేదాకా కోత గారి సంగతి నోటి దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

సోమవారం అద్దె పుస్తకాలావిడ మెట్లు దడదడలాడించుకుంటూ దిగింది. కోత గారు అప్పటికి రాలేదు. ఆయనకి ఇంక రెండు రోజులే మిగిలాయి.

"ఏం చేశారండీ దీన్ని? డ్రైవరు గారు నా బల్ల ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మన వైపుకి తిప్పి అచ్చేసిన కొత్త ప్రతి అనుకున్నాట్ట. చివర్లో రెండో ఆయన మాయమైపోయాడేంటమ్మా, ఇదివరకు ఉండేవాడే అని ఒకటే గొడవ! తీరా చూస్తే తమరు అట్ట తిరగేసి అంటించారు. కథ వెనక నుంచి ముందుకి నడుస్తోంది!"

జిగురు గారు పుస్తకం అందుకున్నాడు. వెనక అట్ట తెరిచి చదవొచ్చని ఆయనకి తోచకపోలేదు, కానీ చేతులు ఒప్పుకోలేదు. ఆయన చేతులకి ఇప్పుడొకటే తెలుసు, దీన్ని సరిచెయ్యాలి. కోత గారు ఉండగానే చెయ్యాలి.

ఆయన రాగానే ఎదురెళ్ళాడు.

"దీని వీపు కోసి పెట్టాలి. అట్ట తిరగేసి అంటించాను."

"మీరా?" కోత గారి మొహంలో చాలా రోజుల తర్వాత ఏదో కదిలింది. "మీరు అట్ట తప్పుగా వేశారా?"

"మీరు గీరు అనకురా, భయమేస్తోంది."

కోత గారు పుస్తకాన్ని మిషన్ పళ్ళెం మీద పెట్టి, కత్తి దించబోతూ ఆగాడు. అట్ట తెరిచి, మొదటికొచ్చిన ఆఖరి బొమ్మ దగ్గర వేలు పెట్టాడు. మణికట్టు మీది చెయ్యి సరిగ్గా వీపు పక్కనే ఉంది.

"కోస్తే అరవేలు మందం లోపలికి పోతుంది. ఈ చెయ్యి తెగుతుంది."

"అయితే కొయ్యకు."

"మరి?"

"ఆవిరి పట్టి పీకాలి. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు పీకాలి."

"నీ జిగురుకి ఒక పూటంతా పడుతుంది."

"పడనీ."

'నీ జిగురుకి' అన్నాడు, 'మీ' అనలేదు. జిగురు గారు వేడి నీళ్ళు పెట్టాడు.

పూటంతా పట్టింది. వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ వీపు మీద వేసి, జిగురు మెత్తబడ్డ కొద్దీ వెంట్రుకవాసి చొప్పున లాగారు. కోత గారు పేజీలు పట్టుకున్నాడు, జిగురు గారు లాగాడు. కిటికీలో కాళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. ఒక జత బూట్లు వాళ్ళ కిటికీ ముందే చాలాసేపు ఆగి, లోపలికి చూస్తున్నట్టు ముందుకి వంగి, వెళ్ళిపోయాయి. ఇద్దరూ పైకి చూడలేదు. చూస్తే చెయ్యి జారుతుంది.

అట్ట చిరక్కుండా వచ్చింది. సరైన వైపు అంటించి, బరువు కింద పెట్టి, ఆరాక కోత గారు స్టూలు లాక్కుని కుడి నుంచి ఎడమకి చదవడం మొదలెట్టాడు. జిగురు గారు బల్ల ఇవతల నిలబడి ఆయన మొహాన్నే చదివాడు. ఒక గది, ఒక కుర్చీ. మెట్ల మీద తల ఊపడం. రెండో కోటు. కోత గారు పేజీ తిప్పడం నెమ్మదించింది. ఆఖరి పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

"వీళ్ళిద్దర్లో ఒక్కడూ నోరు తెరవడేంట్రా?" అన్నాడు.

"తెరవరు. అందుకే రెండొందల పేజీలు."

"మనకి ముప్ఫై ఏళ్ళు."

జిగురు గారు బల్ల అంచు పట్టుకున్నాడు. ఇప్పుడు కూడా 'మంచిదే' అనే మాటే నాలుక మీదికొచ్చింది. దాన్ని మింగేశాడు.

"వెళ్ళకురా."

కోత గారు పుస్తకం మూశాడు.

"ఆ రోజు మంచిదే అన్నావు. సరే, వీడికి నేను అక్కర్లేదు, మెల్లిగా నేనే తప్పుకుంటే ఇద్దరికీ నొప్పి తగ్గుతుందని డబ్బా దగ్గర్నుంచి మొదలెట్టా. గ్లాసు కూడా పట్టుకెళ్ళిపోయా."

"గ్లాసు నువ్వా?"

"మరి దెయ్యమా?"

జిగురు గారు నవ్వబోయి నవ్వలేకపోయాడు. గ్లాసు సంగతి తేలింది. డబ్బా, చొక్కా, సందు అన్నీ తేలాయి. ఈ మనిషి ఆ పుస్తకం ముందెప్పుడూ తెరవలేదు. మరి ఆ వరస ఎలా తెలిసింది? అడగలేదు. కొన్ని అడక్కపోవడమే నయమనిపించింది.

కోత గారు ఫోను తీసి అక్కకి కలిపాడు. "అక్కా, నేను రావట్లేదే," అన్నాడు. అవతలి నుంచి పెద్ద గొంతుతో ఏదో వినపడింది. ఆయన కాసేపు విని, ఫోను జిగురు గారి వైపు చాపాడు.

"ఎందుకని అడుగుతోంది. నువ్వు చెప్పు."

"నేనా?"

"నేను చెప్పాల్సినన్ని సార్లు చెప్పానులే దానికి."

జిగురు గారు ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల ఊపిరి వినపడుతోంది.

"ఎవరండీ?" అందావిడ.

"నేనండీ..." చెల్లెలికి చెప్పలేని మాట, మొహం ఎరగని మనిషికి ఎలా చెప్పడం? కోత గారి వంక చూశాడు. ఆయన కిటికీలో కాళ్ళు చూస్తున్నాడు. "మీ తమ్ముణ్ణి వెళ్ళొద్దన్నది నేనండీ. ఇక మీదట నాతో ఉంటాడు. మా ఇంట్లో."

లైను తెగిందేమోనని ఆయన ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాడు. తెగలేదు. మళ్ళీ పెట్టుకున్నాక ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది, పక్కన ఇంకెవరో వింటారన్నట్టు.

"ముప్ఫై ఏళ్ళుగా వాడు వచ్చినప్పుడల్లా మీ కబుర్లే. ఫొటో చూపించమంటే లేదంటాడు, తీసుకురారా అంటే రాడంటాడు. ఒంటరితనం కొద్దీ వాడే కల్పించుకున్నాడనుకున్నాను. పిచ్చి ముదరకముందే ఇక్కడికి తెచ్చుకుందామని నేనే పిలిచాను." ఒక్క క్షణం ఆగింది. "మీరు నిజంగా ఉన్నారా?"

జిగురు గారు ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.

"ఉన్నానండీ," అన్నాడు.