హస్తవాసి ఎవరిది?

మొన్న విజయనగరంలో ఒక సందు మలుపు తిరగ్గానే పచ్చి సున్నం వాసన ముక్కుకు కొట్టింది. ఒక మానసిక వైద్యుడి బోర్డు మీద కూలీ వెల్ల వేస్తున్నాడు. తలుపుకు తాళం. చెప్పాపెట్టకుండా ప్రాక్టీసు ఎత్తేశాడట. మెట్ల మీద ఒక ముసలాయన, ఆయన పక్కన శూన్యంలోకి చూస్తున్న కొడుకు. ఇకమీదట మందు ఎవరిస్తారో చెప్పే నాథుడు లేడు. వాళ్లను మరో డాక్టరు దగ్గరికి చేర్చాను గానీ నా ఒళ్లు మంట చల్లారలేదు. ఆ మంటలోనే జగన్నాథరావుగారు గుర్తొచ్చారు. వైద్యం మానేయడం కూడా వైద్యంలో భాగమేనని చేసి చూపించిన మనిషి.

పంతొమ్మిది వందల అరవైల చివర ఆయన విజయనగరం స్టేషనుకు దగ్గర్లో మనసు జబ్బులకు వైద్యం చేసేవారు. నేను అప్పుడే సభలకెక్కి మూఢనమ్మకాల మీద విరుచుకుపడుతున్న యువకుణ్ణి. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో వరసకు అక్క అయ్యే ఒకామెను దయ్యం పట్టిందని పశువుల సాలలో గొలుసుతో కట్టేస్తే, భూతవైద్యుడితో పోట్లాడి జగన్నాథరావుగారి దగ్గరికి తీసుకొచ్చాను. మందు పనిచేసింది. ఏడాది తిరక్కుండా ఆమె మళ్లీ నాట్లకు వెళ్లింది. నాకు ప్రపంచాన్ని జయించినంత సంబరం.

అలాంటి సమయంలో ఆయన ప్రాక్టీసు ఆపేస్తున్నానన్నారు. చెవులు మందగిస్తున్నాయట. బతిమాలాను, వాదించాను. "వినపడనివాడు ఊహిస్తాడు. ఊహించి మందిస్తే నాకూ మీ భూతవైద్యుడికీ తేడా ఏమిటయ్యా?" అన్నారు. తాళం వేసి పోలేదు. విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించి నెలల తరబడి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ప్రతి రోగికీ స్వయంగా చెప్పి, ఆమెను చూపించి, వాళ్లు ఊ అన్నాకే అప్పగించారు.

ఊ అననిది మా అక్క ఒక్కతే. డాక్టరు వెళ్లిపోతే ఇక తన కాళ్ల దగ్గరికి రావలసిందేనని ఊళ్లో భూతవైద్యుడు కాచుకుని కూర్చున్నాడు. మందు మానేస్తే మళ్లీ గొలుసే. అప్పగించే రోజు ఆమె డాక్టరమ్మ ఇచ్చిన మాత్రల పొట్లం తీసుకెళ్లి జగన్నాథరావుగారి ముందు పెట్టింది.

"బాబూ, మీ హస్తవాసి మీద బతికినాను. ఓపాలి ముట్టి ఇచ్చీండి."

ముట్టుకుంటే పోయేదేముంది, ఆమె మింగుతుంది కదా అని నాకు ఒక మనసు. హస్తవాసి అనే మాటను చీల్చి చెండాడాలని నాలుక దురద. ఆయన ముట్టుకోలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి, "పోయినేడు తుపానుకి రైళ్లు ఆగిపోయినప్పుడు నీకు మాత్రలు ఎవరిచ్చారమ్మా?" అని అడిగారు.

"మా మావే ఇచ్చినాడు. టెక్కలి ఎల్లి కొట్లో కొని ఎట్టినాడు."

"నిద్ర పట్టిందా? గొంతులేమైనా వినపడ్డాయా?"

"పట్టినాది. గొంతుల్నేవు."

"మరి ఆ హస్తవాసి ఎవరిది?"

గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్న భర్త వైపు అక్క చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మావకేటి హస్తవాసి? మావ నాటితే వంకాయ మొక్కే బతకదు" అంది.

గదంతా గొల్లుమంది. మా బావ కూడా నవ్వేశాడు. డాక్టరుగారొక్కరే అయోమయంగా అందరి మొహాలూ చూశారు. నేను చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెబితే అందరికంటే ఎక్కువగా నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "చూశావా, రోగి బాగుపడిందని చెప్పే మాటే నాకు వినపడలేదు" అంటూ లేచి తన కుర్చీ డాక్టరమ్మ వైపు జరిపారు. అక్క పొట్లం తీసుకుని ఆమె ముందు కూర్చుని, పొద్దుట ఎన్ని, రాత్రి ఎన్ని అని అడిగింది.

నేనేమీ శాంతమూర్తినైపోలేదు. ఇప్పటికీ మండిపడతాను. కాకపోతే మండిపడే ముందు, ఎదుటివాళ్ల బతుకులోనే జవాబు ఉందేమోనని ఒక ప్రశ్న అడుగుతాను. ఇక, నేను జనం మాట వినకుండానే జవాబు చెప్పేస్తున్నట్టు కనిపిస్తే చొక్కా పట్టుకుని వేదిక మీంచి దింపెయ్యమని నా భార్యకు చెప్పి ఉంచాను. ఆమె ఇప్పటికే ఒకసారి దింపింది.