వదినకు చేసిన కాలు

కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో ఆమె సొరుగులో ఎప్పుడూ ఒక ఎర్ర లిప్‌స్టిక్ ఉంటుంది. అది ఆమె పెదాలకు ఎన్నడూ తగల్లేదు. కొత్త కాలు తొడిగి చూసే రోజున, మొండికాలికి వేసిన మేజోడు మీద, ఎముక పొడుచుకొచ్చే చోటల్లా ఆ రంగు పూస్తుంది. మనిషిని కాస్త నడిపించి కాలు విప్పుతుంది. మొండికాలు కూర్చునే గిన్నెలాంటి భాగంలో ఎర్రగా అంటుకున్న చోట ఒత్తుతున్నట్టు లెక్క. అక్కడ అరగదీయాలి.

"ఇంత తతంగం ఎందుకండీ, నొప్పిగా ఉందా అని అడిగితే పోలా?" అంటారు కొత్తగా పనిలో చేరినవాళ్ళు.

"అడుగుతాను. ఇంటికెళ్ళే తొందరలో ఉన్నవాణ్ణి నిప్పుల మీద నిలబెట్టినా బాగుందనే అంటాడు" అంటుంది ఆమె.

ఆ లిప్‌స్టిక్ సొరుగులోంచి తీయనిది ఒక్క వదిన విషయంలోనే.

తల్లి పోయాక ఆమెను పెంచింది వదినే. ఆమె చదువు మధ్యలో ఆగిపోయింది గానీ చేతిలో కుట్టుపని ఉంది. కృత్రిమ కాళ్ళకు తోలు పట్టీలు కుట్టే పనికి వెళ్తానంటే అన్నయ్య ససేమిరా అన్నాడు.

"ఇంకే పనీ దొరకనట్టు, ఊళ్ళోవాళ్ళ తెగిన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందా?"

"మీరు మీ ఆఫీసులో పట్టుకునేవీ కాళ్ళేగా" అంది వదిన. "అది జీతం తీసుకుని పట్టుకుంటుంది. మీరు ఊరికే పట్టుకుంటున్నారు."

ఆమె పనిలో చేరింది. అన్నయ్య మనసు మాత్రం మారలేదు. ఆమె పట్టీల బల్ల నుంచి ప్లాస్టర్ గదికి మారినప్పుడూ, శిక్షణ పూర్తిచేసి సొంతంగా కాళ్ళు తొడగడం మొదలుపెట్టినప్పుడూ "చూద్దాం, ఎన్నాళ్ళో" అన్నాడే తప్ప ఒక్క మంచిమాట అనలేదు. వదిన మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆమె పని గురించి చెప్పేది. వినడం ఇష్టం లేనివాళ్ళకు ఇంకో రెండు ముక్కలు ఎక్కువే చెప్పేది.

వదినకు షుగర్ ముదిరి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కాలు తానే చేస్తానంది ఆమె.

పక్కబల్ల దగ్గర పనిచేసే పెద్దాయన వద్దన్నాడు. గడ్డంలో ఎప్పుడూ ప్లాస్టర్ పొడి ఉండే మనిషి. "నాకివ్వు. ఇంట్లోవాళ్ళకి మనం చెయ్యకూడదు. వాళ్ళు నిజం చెప్పరు."

"మా వదిన సంగతి మీకు తెలీదు. నోరు ఊరుకునే రకం కాదు."

తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి అచ్చు తీసింది. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడిన దిమ్మను తన చేత్తోనే చెక్కి, దాని మీద గిన్నె తయారుచేసింది. తొడిగి చూసే రోజు వదిన పట్టుకుని నడవడానికి బిగించిన రెండు కమ్మీల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

"ఎక్కడైనా ఒత్తుతోందా వదినా?"

"ఏం లేదే. దూదిలో పెట్టినట్టుంది."

కమ్మీల చివర అన్నయ్య నిలబడి ఉన్నాడు. కాలి వైపు, చెల్లెలి వైపు మార్చి మార్చి చూశాడు.

"బాగా చేశావే" అన్నాడు.

ఆ మాట కోసం తాను ఎదురుచూస్తున్నట్టు ఆమెకే అంతవరకు తెలియదు. అన్నయ్య అప్పటికే వదిన సంచీ భుజాన వేసుకున్నాడు. ఆమె సొరుగు తెరవలేదు.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా వదిన ఒకటే మాట, రోజూ వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నానని. ఒక సెలవురోజు ఆమె వాళ్ళింటికి వెళ్ళింది. వదిన కాలు తొడుక్కుని కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పింది, లేవలేదు. బయల్దేరబోతూ గుమ్మం దగ్గర చెప్పుల కోసం వంగినప్పుడు, కొత్త కాలితోపాటు తాను కొనిచ్చిన జత కనిపించింది. కుడి చెప్పు వేళ్ళ దగ్గర అరిగి పలచబడింది. ఎడమది తిరగేసి చూసింది. అడుగున గీతలు షాపులో ఉన్నట్టే ఉన్నాయి.

అన్నయ్య స్నానానికి వెళ్ళాడు. ఆమె వెనక్కి వచ్చి వదిన ముందు నేల మీద కూర్చుంది.

"తియ్యకు" అంది వదిన.

ఆమె కాలు విప్పింది. లోపల రెండు మేజోళ్ళు, వాటి మధ్య మడతపెట్టిన పాత దుప్పటి ముక్క. ఎముక ముందువైపున చర్మం చిట్లి, అంచులు నల్లబడిన పుండు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచే. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ వేసుకుంటా. ఆఫీసుకెళ్ళగానే తీసేసి, కుడి చెప్పు ఒక్కటే వేసుకుని గోడ పట్టుకుని గెంతుతా."

"నాకు చెప్పొద్దూ?"

"ఏం చెప్పనే? మా చెల్లెలు చేసిందని మీ అన్నయ్య కనబడిన వాడికల్లా చెబుతున్నాడు. ఇన్నేళ్ళకి ఆయన నోట ఆ మాట వచ్చింది. నిన్ను ఆ పనికి పంపింది నేను. ఇప్పుడు నేనే పుండు చూపించి పాత పాట మళ్ళీ మొదలెట్టించనా?"

"వదినా, మోకాలు పోతుంది."

వదిన దుప్పటి ముక్కను చేతిలోకి తీసుకుని మడత సరిచేసింది.

పుండు ఎముకదాకా వెళ్తే మోకాలి పైకి తీసేయాలన్నాడు డాక్టరు. ఆరేదాకా కాలు వేసుకోవద్దన్నాడు. మోకాలు మిగిలిన ముసలివాళ్ళు మళ్ళీ నడవడం, పోయినవాళ్ళు చాలామంది కుర్చీలోనే ఉండిపోవడం ఆమె వర్క్‌షాపులో చూసింది.

"నువ్వు చేసిందేగా" అన్నాడు అన్నయ్య ఆసుపత్రి వరండాలో.

పుండు నెమ్మదిగా ఆరింది. ఆరిన చోట చర్మం ఉల్లిపొరలా ఉంది. ఇంకోసారి చిట్లితే మానదన్నారు. ఆమె పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మీరే చెయ్యాలి. నేను చేస్తే మళ్ళీ బాగుందనే అంటుంది."

"మీ వదిన నా గడ్డం చూస్తేనే మొహం తిప్పేసుకుంటుంది కదమ్మా."

"అందుకే."

వదిన ఒప్పుకుంది కానీ, "అయితే నన్ను ఎవరికో అప్పజెప్పి చేతులు దులుపుకున్నావన్నమాట" అంది. ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తలేదు.

పెద్దాయన చేసిన కాలు వదినకు తొడిగి చూసే రోజు ఆమె చెక్క గోడకు ఇవతల ఆకురాయి పట్టుకుని నిలబడింది. అరగదీయడం మాత్రం మొదలుపెట్టలేదు.

"ఏం కాలయ్యా ఇది? బండరాయి కట్టినట్టుంది" అంటోంది వదిన. "ఇక్కడ పొడుస్తోంది. అక్కడ కాదు, ఇంకా కిందకి. ఆ కళ్ళజోడు అందానికి పెట్టుకున్నావా?"

"కాస్త నెమ్మదిగా చెప్పమ్మా."

"నెమ్మదేంటి, కాలు నీదా, నాదా?"

ఇన్నాళ్ళ తర్వాత ఆ గొంతు విని ఆమె ఆగలేకపోయింది. తలుపు తోసి లోపలికి వెళ్ళింది.

వదిన ఆమెను చూసి ఆగింది. కమ్మీ మీద చేయి సర్దుకుంది.

"బాగుందే" అంది. "పెద్దాయన బానే చేశాడు."

పెద్దాయన ఆమె వైపు చూశాడు. అతని చేతిలో ఆమె ఇచ్చిన లిప్‌స్టిక్ ఉంది, మూత తీసి ఉంది. వదిన మేజోడు మీద ఇంకా రంగు పడలేదు.

ఆమె బయటికి వచ్చి తలుపు వేసింది. చెప్పులు చప్పుడయ్యేలా, లోపలికి వినపడేలా వరండా చివరిదాకా నడిచింది. అక్కడ చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చింది.

మూసిన తలుపుకు చెవి ఆనించింది.

"అదిగో, అక్కడే" అంది వదిన గొంతు. "నేను చెబుతూనే ఉన్నానా."