పెద్దమ్మ పేరు పెట్టిన వైన్

మా ఆఫీసు మంగళగిరిలో. మొన్న మహిళా దినోత్సవానికి ముందు మా హెచ్ఆర్ మేడమ్ ఆడవాళ్లందరినీ పిలిచి, "ఈసారి పూలూ చీరలూ వద్దు. మీ ఇళ్లలో చరిత్ర మార్చిన ఆడమనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, గౌరవిద్దాం" అంది. నాకు భలే సంతోషమేసింది. మా పెద్దమ్మ గురించి చెప్పాను.

పెద్దమ్మది పొదిలి దగ్గర పల్లె. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఊళ్లో సారా కొట్టుండేది. పెదనాన్న పొద్దంతా అక్కడే పడి ఉండేవాడు. ఓ సాయంత్రం మిరపకోత నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇళ్లకు పోకుండా నేరుగా ఆ కొట్టు మీద పడ్డారు. ముందు నడిచింది పెద్దమ్మే. ప్యాకెట్లు రోడ్డు మీదికి లాగి, కాళ్లతో తొక్కి పారేశారు. అందుకు పెదనాన్న ఆవిడ చెయ్యి విరగ్గొట్టాడు. కట్టు కట్టించుకుని మర్నాడు మళ్లీ పోయి ఆ కొట్టు ముందే కూర్చుంది. అది మూతపడేదాకా ఎవరూ లేవలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ సరిగ్గా వంగదు. జుట్టు ముడేసుకోవాలన్నా ఇంకొకరు రావాలి.

ఇదంతా మేడమ్ కళ్లు తుడుచుకుంటూ వింది.

వేడుక తాడేపల్లిలో, ఓ హోటల్లో. లోపలికెళ్లి చూద్దును కదా, బల్లల నిండా గాజు గ్లాసులు. వైన్ టేస్టింగట! ఒక్కో వైన్‌కి ఒక్కో ఆడమనిషి పేరు, పక్కన నంజుకోడానికి ఓ వంటకం. ఎర్ర వైన్ ముందున్న అట్ట మీద మా పెద్దమ్మ పేరుంది. దాని కింద, "ఊరిని మార్చిన ధీర. ఘాటైన వైన్, గుంటూరు మిరపకాయ బజ్జీతో." సారా అన్న మాటే ఎగరగొట్టేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటి మేడమ్ ఇది? తాగుడు మీద పోరాడిన మనిషి పేరు మందుకి పెడతారా?"

"అయ్యో, ఇది వైన్ కదా, సారా కాదుగా! సరదాగా తీసుకోండి."

"సరదాగానా? చెయ్యి విరిగింది ఆవిడకి!"

"నెమ్మది, అందరూ చూస్తున్నారు" అంది మేడమ్.

చూడనీ అనుకున్నాను. మైకు తీసుకుని, వాళ్లు ఎగరగొట్టిన కథంతా మొదట్నుంచీ చెప్పాను. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి గ్లాసు చేత్తో పట్టుకునే లేచి, "నేను తాగుతానండీ, అది నా ఇష్టం. కానీ ఆవిడ పేరుతో తాగను" అంది. తనే వెళ్లి ఆ అట్ట తీసి నా చేతికిచ్చింది. కొంతమంది చప్పట్లు కొట్టారు. కొంతమంది ఫోన్లలో తలలు దూర్చారు. నేను బజ్జీ ముక్కైనా ముట్టకుండా బయటికొచ్చేశాను.

మర్నాడు మేడమ్ పిలిచి, "మిమ్మల్ని బాధపెట్టాలని కాదు, కానీ వేడుక పాడైంది కదా" అంది. తప్పు నాదే అన్నట్టు!

ఆదివారం ఊరెళ్లి పెద్దమ్మకి జరిగింది చెప్పాను. ముందు ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నా పేరెట్టుకుని తాగుతారా? నువ్వు ఒట్టి మాటలు చెప్పొచ్చావా? బల్ల తిరగెయ్యాల్సిందే!"

"అది ఆఫీసు పెద్దమ్మా, ఉద్యోగం పోతుంది..."

"అయితే ఏంటే? మాకు మాత్రం ఆరోజు భయపడ్డానికి మొగుళ్లు లేరా?"

ఆవిడ ఆ సాయంత్రమంతా వాళ్లని తిడుతూనే ఉంది. వింటుంటే నాకు కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.