గోకుడు ఎవరిది?

మా అత్తగారి చేతిలో గిన్నె అడుగంటడం ఎవరూ చూడలేదు. ఈ మాట నేను అనడం లేదు, ఆవిడే అనేవారు. ముఖ్యంగా నేను పప్పు మాడబెట్టిన రోజున తప్పకుండా అనేవారు. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడక్కర్లేదు, వాసనతో చెప్పేస్తాననేవారు. దేవుడికి పెట్టకముందు వంట నాలిక మీద వేసుకోవడం ఆవిడ పుట్టింటా లేదు, మెట్టినింటా లేదు. నిజం చెప్పొద్దూ, ఉప్పు ఎప్పుడూ సరిపోయేది. అదే నాకు ఒళ్ళుమంట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆవిడ విజిట్ వీసా మీద సౌదీలో మేముండే ధహ్రాన్ వచ్చారు. మావారు అక్కడ ఇంజనీరు. కంపెనీ ఇళ్ళ కాంపౌండ్‌లో మా ఇల్లు, పక్కింటి వాళ్ళ ఇల్లు ఒకే గోడ పంచుకునేవి. పక్కింట్లో అమెరికా దంపతులు ఉండేవారు. ఆయన మావారి ఆఫీసే, అరవై దగ్గరపడ్డ మనిషి. ముక్కు కింద చీపురుకట్టంత తెల్లమీసం. అత్తయ్య వచ్చిన రోజే ఆయనకి ‘మీసాలాయన’ అని పేరు పెట్టేశారు.

ఆ చలికాలంలో మీసాలాయనకి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి పంపిస్తూ డాక్టరు మాంసం మానెయ్యమన్నాడు. మానేశాడు. దాంతోపాటు తిండి కూడా మానేశాడు. భార్య కూరగాయలు ఉడకబెట్టి పెడితే ‘గడ్డి’ అనేవాడు, సూప్ పెడితే ‘గడ్డి కడిగిన నీళ్ళు’ అనేవాడు. కాఫీ, బిస్కట్ల మీద రోజులు వెళ్ళదీస్తూ కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. బెల్టుకి కొత్త చిల్లు పొడిచినా ప్యాంటు నిలిచేది కాదు.

ఒక ఉదయం పక్కింటావిడ మా గుమ్మంలోకి వచ్చి, “తినకపోతే కోలుకోడు అంటున్నాడు డాక్టరు. నాకు భయంగా ఉంది,” అని చెప్పి ఏడ్చేసింది. అంత గట్టి మనిషి ఏడిస్తే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అత్తయ్యకి ఇంగ్లీషు రాకపోయినా ఏడుపు అర్థమైంది. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

విషయం ఇదీ. ఆయనది అమెరికా దక్షిణాన ఉన్న లూసియానా. తింటే వాళ్ళ అమ్మ వండే జంబలాయా తింటానంటున్నాడు. జంబలాయా అంటే ఒకే గిన్నెలో బియ్యం, ఉల్లిపాయలు, పంది సాసేజి, కోడి, చేతికందిన జంతువునల్లా వేసి వండే అన్నం. పంది సౌదీలో ఎలాగూ దొరకదు, మిగతావి డాక్టరు ఒప్పుకోడు. మాంసం లేకుండా అది చెయ్యగలిగేవాళ్ళు తెలిసినవాళ్ళలో మీరొక్కరే అని మా దగ్గరికి వచ్చింది. ఆవిడది మంచు పడే ఉత్తరాది. ఆ వంటలోకి ఏమేం పడతాయో తెలుసుగానీ వండటం తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఆయనే వండేవాడట.

నేను అనువదించి చెప్పగానే అత్తయ్య కొంగు బిగించారు.

“పలావేగా! మాంసం తీసేస్తే పీడా విరగడైంది. తినకుండా ఎలా ఉంటాడో నేనూ చూస్తాను.”

సామాన్ల కోసం కాంపౌండ్ బస్సులో పక్కనున్న ఖోబర్ బజారుకి వెళ్ళాం. మేం దిగగానే సలా, అంటే నమాజు వేళయింది, షట్టర్లు దిగిపోయాయి. చీర మీద బురఖాలాంటి అబాయా వేసుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి అత్తయ్య నాకు వంకాయల గురించి పరీక్ష పెట్టారు. తలుపులు తీశాక సెలెరీ చూసి కాడ విరిచి వాసన చూశారు. “కొత్తిమీర వాముని పెళ్ళాడితే పుట్టినట్టుంది,” అని బుట్టలో వేశారు.

మర్నాడు వంట మా ఇంట్లో. మావారు ముందురోజే సంగతి పసిగట్టి, ఆఫీసులో మీటింగ్ ఉందని అక్కడ వారం మొదలయ్యే శనివారం పూట కూడా లేని హడావిడి పడి పారిపోయారు.

మొదటి గొడవ గిన్నె దగ్గర వచ్చింది. పక్కింటావిడ రెండు చేతులా మోసుకుంటూ నల్లటి ఇనప గుండిగ తెచ్చింది. వాళ్ళ అత్తగారిదట, సముద్రాలు దాటి వచ్చిందట. అందులో తరతరాలుగా ఏం ఉడికాయో తలుచుకుని అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“చాలా బావుందని చెప్పు. బయటే పెట్టమని చెప్పు.”

నేను మొదటి సగమే అనువదించి, గుండిగని మర్యాదగా వరండాలో కూర్చోబెట్టాను. వంట మా సత్తు గిన్నెలో మొదలైంది.

ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికమ్. ఈ మూడూ లేనిదే వాళ్ళకి వంట లేదట, ‘పవిత్ర త్రయం’ అంటారట. “పోన్లే, వాళ్ళకీ త్రిమూర్తులున్నారు,” అని అత్తయ్య సంతోషించారు. నేను మీల్ మేకర్ వేద్దామన్నాను. అది నమిలితే మాంసంలా ఉంటుందని ఎవరో చెప్పారని ఆవిడ ఇంట్లోకే రానివ్వరు. సూట్‌కేసులోంచి మినప వడియాలు తీసి వేయించారు. సాసేజికున్న పొగ వాసన ఎలా వస్తుందని పక్కింటావిడ అడిగితే, వంకాయకి నూనె రాసి స్టవ్ మంట మీద పెట్టారు. తొక్క నల్లగా పేలి ఇల్లంతా వాసన కమ్ముకునేసరికి పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. మా వంటింట్లో నా వంటకి ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు పక్కింటావిడ చెక్క గరిటతో ఉల్లిపాయల పులుసు కాస్త తీసుకుని, ఊది, నాకి, అదే గరిట మళ్ళీ గిన్నెలో పెట్టింది.

“అయ్యో అయ్యో! ఎంగిలే! గిన్నెడూ ఎంగిలి చేసేసిందే అమ్మాయ్!”

“ఏమంటున్నారు?” అని పక్కింటావిడ నన్ను అడిగింది.

ఎంగిలికి ఇంగ్లీషు మాట లేదు. సూక్ష్మజీవుల గురించి మొదలుపెట్టాను, దేవుడి మీదుగా వెళ్ళాను, మా అమ్మమ్మ దగ్గర తేలాను. “రుచి చూడకుండా వంటెలా చేస్తారు?” అని ఆవిడ. “రుచి చూస్తేగానీ తెలియనివాళ్ళు వంటెందుకు చెయ్యాలి?” అని ఈవిడ. ఇద్దరూ నన్నే కోప్పడుతున్నారు. చివరికి అత్తయ్యే దారి చూపించారు. గరిటతో పులుసు ఎత్తి ఆవిడ అరచేతిలో పొయ్యాలి, అరచేతిలోంచి నాక్కోవాలి. గరిటకి నోరు తగలకూడదు. పక్కింటావిడ అలా చేసి చూసి, ఇదే బావుందంది.

ఈ పంచాయితీ తేలేలోపు గిన్నె అడుగంటింది.

వాసన ముందు అత్తయ్యకే తగిలింది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. బియ్యం ఉడికేవరకూ గిన్నె పక్కనుంచి కదల్లేదు. ఉడికాక పైపైన తెల్లటి అన్నం, వడియాలు, వంకాయ ముక్కలు పళ్ళెంలోకి తీశారు. గిన్నె సింకులో పెట్టి, నిండా నీళ్ళు పోసి, సబ్బు కూడా వేసి, పైన మూత పెట్టేశారు. నేను చూశానని ఆవిడకి తెలుసు. చూడనట్టు ఉన్నానని కూడా తెలుసు. చెప్పొద్దూ, నాకు లోపల పండగలా ఉంది.

పళ్ళెం పక్కింటికి తీసుకెళ్ళాం. మీసాలాయన కుర్చీలోంచే మాకు నమస్కారంలాంటిది పెట్టాడు. ఒక చెంచా తిన్నాడు. “చాలా బావుంది మేడమ్, థాంక్యూ,” అన్నాడు. చెంచా కింద పెట్టేశాడు.

ఆ మర్యాద కన్నా గడ్డి అని తిట్టినా బావుండేది. పక్కింటావిడ కిటికీ వైపు తిరిగింది. అత్తయ్య పళ్ళెం వైపే చూస్తూ నిలబడ్డారు.

పళ్ళెం అంచున గోరంత పెచ్చు ఒకటి ఉంది, ముదురు గోధుమరంగులో. అత్తయ్య కళ్ళుగప్పి ఎలా వచ్చిందో వచ్చింది. దాన్ని ఆయన వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చెంచా మళ్ళీ తీసుకుని పళ్ళెమంతా కెలికాడు. ఇంకొకటి లేదు.

“దీని అడుగేది?” అన్నాడు.

నేను అనువదించాను.

“అడుగేవిటే? మనింట్లో గిన్నెలకి అడుగులుండవని చెప్పు.”

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక బాత్రూమ్‌కి తప్ప లేవని మనిషి స్లిప్పర్లు ఈడ్చుకుంటూ తోటలోంచి మా ఇంటివైపు నడుస్తుంటే, వెనకాల మేం ముగ్గురం ఊరేగింపులా నడిచాం. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సింకులో మూత ఎత్తాడు. నురగ కింద, నీళ్ళల్లో నాని, అడుగంతా ఊడి తేలుతోంది. దాన్ని చూసి ఆయన మొహం పెట్టిన తీరు చెప్పలేను. అంత్యక్రియలకి ఆలస్యంగా వెళ్ళినవాడిలా నిలబడిపోయాడు.

తరవాత స్టూలు మీద కూలబడి చెప్పాడు. జంబలాయాకి రంగూ రుచీ మాంసం వల్ల కాదు, అడుగు వల్ల వస్తాయి. ఉల్లిపాయలు అడుగంటాలి, కాసిన్ని నీళ్ళు పోసి గోకాలి, మళ్ళీ అంటాలి, మళ్ళీ గోకాలి. అలా ఎర్రబడ్డాకే బియ్యం వెయ్యాలి. ఆఖర్న అన్నం కూడా అడుగంటుతుంది. ఆ పెచ్చు వాళ్ళమ్మ గోకి ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి పెట్టేది. చిన్నవాడు ఆయనే. అన్నలు గుమ్మంలో నిలబడి ఏడ్చేవారట.

నేను మాట పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

“గోకుడా!” అన్నారు అత్తయ్య. “వీడికి గోకుడు కావాలిటే!”

పాలు కాచిన గిన్నెలో గోకుడు, నెయ్యి కాచిన గిన్నెలో గోకుడు, దాని కోసం చెంచాలతో కొట్టుకున్న అక్కాచెల్లెళ్ళు. ఆవిడ కళ్ళల్లో అవన్నీ కనిపించాయి. ఆయన మీసాలాయన నుంచి ‘వీడు’ అయిపోయిన క్షణం అదే. ఆ తరవాత ఎప్పుడూ ఆయన్ని ‘ఆయన’ అనలేదు.

మర్నాడు మళ్ళీ వండాం. మీసాలాయన స్టూలు మీద కూర్చుని పురమాయించాడు. అత్తయ్య గరిట పట్టుకున్నారు. చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ యాతన. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడిన చెయ్యి, అడుగంటే చప్పుడు వినగానే దానంతటదే కదిలిపోతుంది.

“ఆగండి,” అనేవాడు ఆయన.

“వాడికి చెప్పవే, మాడిపోతోంది!”

“ఇంకా ఆగండి.”

“నేను చావనైనా చస్తాను గానీ ఇది చూడలేనే!” అంటూ కళ్ళు గట్టిగా మూసుకుని ఎడం చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకున్నారు.

“ఇప్పుడు!”

నీళ్ళు పడగానే గిన్నె చుయ్‌మంది. ఆవిడ కసిగా గోకారు. అలా ఎన్నిసార్లయిందో. ఉల్లిపాయలు చింతపండు రంగుకి వచ్చాయి. మధ్యమధ్య పక్కింటావిడ అరచెయ్యి పట్టడం, అత్తయ్య గరిటతో పొయ్యడం, ఆవిడ బొటనవేలు ఎత్తి చూపించడం. వంకాయ పడింది, బియ్యం పడ్డాయి, వడియాలు పడ్డాయి. మూత పెట్టాక నలుగురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఈసారి కూడా తినకపోతే ఇంక చెయ్యడానికి ఏమీ లేదని అందరికీ తెలుసు.

మూత తీశాక నేను పళ్ళెంలో పెట్టబోయాను. ఆయన బల్ల దగ్గరికి రాలేదు. పొయ్యి పక్కనే నిలబడ్డాడు, గిన్నెలోకి చూస్తూ.

అత్తయ్య అన్నం ఒక పక్కకి తోసి అట్లకాడతో అడుగు గోకారు. ఎర్రటి పెచ్చు, దోసె ముక్కంత, చుట్టుకుంటూ లేచింది.

“చెయ్యి పట్టమను.”

అనువదించే పని లేకపోయింది. అంత పెద్దమనిషి రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. ఆవిడ ఊది, చల్లార్చి, అందులో పెట్టారు. ఆయన ఒక కొస కొరికాడు. నమిలాడు. మీసం వణికింది. పక్కింటావిడ గబగబా సింకు దగ్గరికి పోయి కడిగిన గ్లాసులే మళ్ళీ కడగడం మొదలెట్టింది. నాకు కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఉల్లిపాయల వల్ల కాదు.

“అన్నం పెట్టండి,” అన్నాడు ఆయన. “నిండా.”

నేను పళ్ళెం నింపుతూ ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేకపోయాను. మనసు తేలికపడితే నా నోరు ఆగదు.

“అత్తయ్యా, గోకుడు అందరికన్నా చిన్నవాళ్ళకి కదా. ఈ వంటింట్లో చిన్నదాన్ని నేను.”

“చాల్చాల్లే. రోగిష్టివాడితో వంతులా?” అన్నారు.

“ఏమంటున్నారు?” అని ఆయన నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన నన్నూ, అత్తయ్యనీ, చేతిలో పెచ్చునీ చూశాడు. న్యాయం నీదే అన్నట్టు తలూపాడు. కొరికిన ఆ పెచ్చునే సగానికి విరిచి నా వైపు చాపాడు.

నేను చెయ్యి పట్టాను. పట్టాక గుర్తొచ్చింది. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచారు. ఏ మాట వస్తుందో నాకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. ఆవిడ ఆ నోరు అలాగే కాసేపు తెరిచి ఉంచి, మళ్ళీ మూసుకుని, గిన్నె వైపు తిరిగారు.

“తినవే,” అన్నారు గోకుతూ. “చల్లారితే గట్టిపడిపోతుంది.”